పసుపు గొంతు పిట్ట ఉండాది

మా అమ్మకు అక్షరం రాదు. ఏ కాగితమైనా కింద వేలిముద్రే. కానీ ఉదయగిరి దుర్గం మీద ఏ బండ పక్కన ఏ చెట్టుందో, ఏ చెట్టు ఏ నెలలో కాస్తుందో అడిగితే తడుముకోకుండా చెబుతుంది. ముప్పై ఏళ్లకు పైగా ఆ కొండ ఎక్కి దిగుతోంది. మాది చెక్క స్పూన్లు, గరిటెలు చెక్కే ఇల్లు. నర్ది కట్టె, దేవదారి కట్టె కొండ మీంచి తెచ్చుకుని, చేతిగొడ్డలి లాంటి బాడిసతో రూపు తెచ్చి, ఆకురాయితో రుద్ది, పిడి మీద జాలీ తొలిచి, గరుకు కాగితంతో నున్నగా చేస్తే ఒక స్పూను తయారవుతుంది. మా వీధిలో సగం ఇళ్లలో ఆడవాళ్లు చేసే పని ఇదే. మా నాన్న పోయాక అమ్మ ఆ పనితోనే నన్ను డిగ్రీ దాకా చదివించింది. ఇప్పుడు నేను ఆత్మకూరులో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెబుతాను. అక్కడే ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఆదివారాలు బస్సెక్కి ఇంటికి వస్తాను.

ఇంట్లో మేం ఉర్దూ మాట్లాడతాం, వీధిలోకి వస్తే తెలుగు. చాలాసార్లు ఒకే వాక్యంలో రెండూ. ఇక్కడ అంతా తెలుగులోనే రాస్తున్నాను.

దేవదారి అంటే మంచు కొండల్లో ఆకాశాన్నంటే వృక్షం అనుకునేరు. అది వేరు. మా దేవదారి బండల సందుల్లో మొలిచే పొట్టి చెట్టు. చేవ ఎర్రగా, సువాసనగా ఉంటుంది. వానలు పడ్డాక గోరంత ఎర్రటి పండ్లు కాస్తుంది. ఆ పండ్లు తినడానికి ఒక పిట్ట వస్తుందని అమ్మ చెప్పేది. దాన్ని ఆమె హల్దీ పిట్ట అనేది. సగం ఉర్దూ, సగం తెలుగు. గొంతు దగ్గర పసుపు పూసినట్టు ఉంటుందట. మనిషిని చూస్తే బండ వెనక్కి పోతుందట. ఊర్లోకి ఎన్నడూ దిగదట. చిన్నప్పుడు విన్నాను, మర్చిపోయాను.

మూడేళ్ల కిందట, డిసెంబరులో ఒక ఆదివారం, అమ్మకు మోకాలు నొప్పిగా ఉందంటే తోడు వెళ్లాను. కొండెక్కి చాలా ఏళ్లయింది. సగం దారికే నాకు ఆయాసం వచ్చింది, అమ్మకు రాలేదు. కోట గోడ దాటాక తూర్పు వైపు వాలులో ఒక దొన ఉంది, బండలో నీళ్లు నిలిచే గుంట. దాని పక్కన కూర్చుని చపాతీలు విప్పుకున్నాం. అమ్మ నా మోచెయ్యి పట్టుకుని, "కదలబాకు" అంది.

పది అడుగుల దూరంలో దేవదారి కొమ్మ మీద ఉంది అది. ఆకుపచ్చా బూడిదా కలిసిన ఒళ్లు. తల పసుపు పచ్చన. గొంతు మాత్రం నిజంగానే అప్పుడే పసుపు ముద్ద అద్దినట్టు. చివరి పండ్లేవో మిగిలుంటే ఒకటి తెంపి మింగింది. గబగబా నీళ్లు ఒలికినట్టు కూసింది. నేను ఫోన్ తీశాను. రెండు ఫొటోలు తీసేలోపే బండ వెనక్కి పోయింది.

ఆత్మకూరు బస్సులో కూర్చుని ఆ ఫొటోలను, పిట్టల ఫొటోలు పెట్టుకునే ఒక ఫోన్ గ్రూపులో పెట్టాను. నిజం చెప్పాలంటే అవేం గొప్ప ఫొటోలు కావు. ఒక పచ్చటి మరక, దానిలో ఒక పసుపు చుక్క. కింద "పసుపు గొంతు పిట్ట, ఉదయగిరి దుర్గం, మా అమ్మ చూపించింది" అని రాశాను.

గంటలో జవాబు వచ్చింది. నెల్లూరులో ఉండే ఒక రిటైరైన లెక్చరరు పంపారు. చాలా ఏళ్లుగా పిట్టల మీద రాస్తున్న మనిషి, గ్రూపులో అందరూ ఆయన్ని సార్ అంటారు. "ఇది మామూలు పొదపికిలి. మీరనుకుంటున్న పసుపు గొంతు పికిలి చాలా అరుదైన జాతి. దక్షిణాదిలో కొద్ది రాతికొండల మీద మాత్రమే మిగిలింది. ఉదయగిరిలో ఉన్నట్టు నమోదు లేదు. తెలియకుండా ఇలాంటివి ప్రచారం చేయొద్దు." కింద పదిమంది ఆయనకు దండాలు పెట్టారు.

తర్వాతి ఆదివారం అమ్మకు చదివి వినిపించాను. ఆమె స్పూను రుద్దుతూనే ఉంది.

"ఆయన మన దుర్గం ఎక్కినాడా?"

"తెలీదు."

"అడుగు."

అడిగాను. ఎప్పుడూ ఎక్కలేదని నిజాయితీగానే ఒప్పుకున్నారు. అయితే రండి సార్, అన్నాను. నాకు కోపంగా ఉంది, అందుకే అన్నాను. ఆయన నిజంగా వస్తారనుకోలేదు. రెండు వారాల తర్వాత వింజమూరు మీదుగా వచ్చే తొలి బస్సులో దిగారు, మెడలో బైనాక్యులర్లు, వీపున పెద్ద కెమెరా సంచీ.

మొదటిరోజు పిట్ట కనిపించలేదు. మధ్యాహ్నం దాకా దొన పక్కనే కూర్చున్నాం. సార్‌కు చెమటలు. అమ్మ పక్కనే ఒక ఎండు కొమ్మ కొట్టి కట్ట కడుతుంటే ఆయన ఆ చప్పుడుకు విసుక్కున్నారు.

"అమ్మా, మీరిలా కట్టెలు కొడుతుంటే ఏ పిట్ట ఉంటుంది? ఈ జాతులు తగ్గిపోవడానికి కారణమే ఇది."

అమ్మ బాడిస కింద పెట్టింది. "సార్, నేను ఈడికి ముప్పై ఏళ్ల నుంచి వస్తన్నాను. పిట్ట అప్పుడూ ఉండాది, ఇప్పుడూ ఉండాది. మీరు ఇయ్యాళ వచ్చినారు. ఇయ్యాళ కనపడలా. మరి ఎవర్ని చూసి పోయినట్టు?"

నేను నవ్వు ఆపుకోలేక తల తిప్పుకున్నాను. ఆయన నవ్వలేదు. అయినా వెనక్కి వెళ్లిపోలేదు. రాత్రికి ఊర్లోనే లాడ్జిలో ఉండి, మర్నాడు తెల్లారేసరికి మా గుమ్మం ముందు నిలబడ్డారు. అది నాకు నచ్చింది. స్కూలుకు సెలవు పెట్టి నేనూ వెళ్లాను.

ఆ పొద్దు అమ్మ ఆయన్ని దొన దగ్గర కూర్చోనివ్వలేదు. ఇంకా పైన, రెండు పెద్ద బండలు ఆనుకున్న చోట నీడలో కూర్చోబెట్టి, తెల్ల టోపీ తీసెయ్యమంది. తను కాస్త ముందుకు పోయి, సంచిలోంచి ఆకురాయీ సగం చేసిన స్పూనూ తీసి మామూలుగా రుద్దుకుంటూ కూర్చుంది. అరగంట అయింది. ముందు కూత వినిపించింది. తర్వాత రెండు పిట్టలు వచ్చి అమ్మ తలకు పైనున్న కొమ్మ మీద వాలాయి. ఆమె చెయ్యి ఆగలేదు. వాటికి ఆ చప్పుడు అలవాటే. సార్ కెమెరా వరుసగా కొట్టుకుంది. గొంతు, తల, తోక చివర తెల్లటి అంచు, అన్నీ పడ్డాయి.

పిట్టలు వెళ్లాక ఆయన కెమెరాలో ఫొటోలు ఒక్కొక్కటీ తిప్పి చూసుకున్నారు. తర్వాత అమ్మ దగ్గరకు వచ్చి, "అమ్మా, నేను చెప్పింది తప్పు" అన్నారు.

"ఏ మాట సార్? పిట్ట మాటా, కట్టె మాటా?"

ఆయన పిట్ట మాట అన్నారు. కట్టె సంగతి మాట్లాడలేదు. బస్సు వేళయిందని దిగిపోయాం.

పది రోజుల్లో పేపర్లో వచ్చింది. రంగుల ఫొటో, జిల్లా పేజీలో పైన. "ఉదయగిరి కొండల్లో అరుదైన పక్షి. నెల్లూరు పరిశోధకుడి గుర్తింపు." ఆయన పేరు ఉంది, ఎన్నేళ్లుగా పరిశోధిస్తున్నారో ఉంది. అమ్మ పేరు లేదు. "స్థానికుల సాయంతో" అని ఒక ముక్క ఉంది. చివర్లో, వంటచెరకు కోసం చెట్ల నరికివేత ఈ పక్షికి ప్రధాన ముప్పు అని ఉంది. స్టాఫ్ రూములో ఆ పేపరు చదివి వరండాలోకి వచ్చాను. సార్‌కు ఫోన్ చేసి అడిగాను. పేర్లు తను ఇచ్చాననీ, వాళ్లు వెయ్యలేదనీ అన్నారు. నరికివేత మాట కూడా వాళ్లే వేశారా సార్, అని అడిగాను. "అది నేను రాసిందే. ఫారెస్టు వాళ్లకిచ్చిన రిపోర్టులోనూ రాశాను. సాధారణంగా అన్నిచోట్లా అదే కారణం కదమ్మా" అన్నారు.

సాధారణంగా. ఆ మాట ఎంత పని చేసిందో ఫిబ్రవరిలో తెలిసింది.

దుర్గం మెట్ల దగ్గర కొత్త బోర్డు పాతారు. లోపలికి వెళ్లి కట్టె తేవడం నిషేధం, అరుదైన పక్షి ఆవాసం, అతిక్రమిస్తే శిక్ష. బోర్డు కింద మా పిట్ట బొమ్మే. ఆరోజు తెల్లారి పైకి వెళ్లిన ఆడవాళ్లకు ఆ సంగతి తెలియదు. కిందికి దిగేసరికి ఫారెస్టు గార్డు ఆపి కట్టెల మోపులన్నీ దింపించాడు. పనిముట్లు కూడా తీసుకున్నాడు. అమ్మ బాడిస వాటిలో ఉంది. అది మా అమ్మమ్మది, పిడి మార్చుకుంటూ వాడుతున్నది.

ఆ ఆదివారం నేను వచ్చేసరికి మా వాకిట్లో ఖాలా నిలబడి ఉంది. ఖాలా అంటే మా అమ్మకు అక్క. గోడకు అవతలి ఇల్లు ఆమెది. నన్ను ఎత్తుకు పెంచింది, నాకు మొదటి స్పూను చెక్కడం నేర్పిందీ ఆమే.

"వచ్చిందమ్మా ఫొటోల టీచరు" అంది. "నీకు జీతం వస్తాది. మా కూడు యాడనుంచి వస్తాది? ఎవరడిగినారే నిన్ను ఆ ఫొటో పెట్టమని?"

నిజంగా ఎవరూ అడగలేదు. ఆత్మకూరులో పదిమందికీ మా కొండ గొప్ప చెప్పుకోవాలని పెట్టాను, అంతే. అమ్మ వంటింట్లోంచి వచ్చి, "దాన్నేం అనబాకు అక్కా. చూపించింది నేను" అంది. ఖాలా ఇద్దరినీ చూసి వెళ్లిపోయింది.

నెల గడిచింది. కొందరు బయట కొన్న కట్టెతో పని చెయ్యాలని చూశారు. అది చెక్కితే చీలిపోయేది, నునుపు వచ్చేది కాదు. ఇంకొందరు సంగం వైపు వరి కోతలకు పోయారు. బాడిస తప్ప కొడవలి పట్టని చేతులు బొబ్బలెక్కి తిరిగొచ్చాయి. అప్పుడు ఎవరో ఒక ఉపాయం చెప్పారు. పిట్ట ఉందనే కదా కొండ మూశారు, పిట్ట లేదని రాసిస్తే సరి. మండల ఆఫీసు దగ్గర అర్జీలు రాసే మనిషి చేత రాయించారు. మేము పుట్టినప్పటి నుండి కొండకు పోతున్నాము, అటువంటి పక్షిని ఎన్నడూ చూడలేదు, ఎక్కడిదో ఫొటో తెచ్చి ఇక్కడిదని చెప్పినారు, కావున దయతో. ఇలా సాగింది. వీధిలో ఆడవాళ్లందరూ సంతకాలో వేలిముద్రలో వేశారు. మా ఇంటికి ఖాలాయే తెచ్చింది, ఇంకుప్యాడుతో సహా.

"వెయ్యి" అంది.

అమ్మ కాగితాన్ని నా చేతికిచ్చి చదవమంది. చదివాను. మొత్తం విన్నాక, "నేను వెయ్యను" అంది.

"ఏందే? అందరం వేసినాం గదా. పిట్ట ఎక్కువా, మనుషులు ఎక్కువా నీకు?"

"ఎవరెక్కువని నేను అన్లా. ఉండేదాన్ని లేదని చెప్పను. అంతే."

"నీ ఒక్కదాని వేలు లేకపోతే ఆ ఆఫీసులో నమ్ముతారా? మొదట చూపించిందే నువ్వు. నువ్వు వేస్తేనే దానికి బలం."

"అందుకే వెయ్యను."

ఖాలా నా వైపు తిరిగింది. "నువ్వన్నా చెప్పు మీ అమ్మకు."

నేను చెప్పాను. ఇది రాసుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్పాను. అమ్మా, వేసెయ్, ఆ కాగితంతో పిట్టకు ఏమీ కాదు, అది కొండ మీదే ఉంటుంది, వీళ్లందరి బతుకూ బాగుపడుతుంది, అన్నాను. నా ఫొటో దొంగదని అందులో రాసున్నా ఫర్వాలేదన్నాను. నేను చేసిన తప్పుకు అదే శిక్ష అనుకున్నాను కాబోలు.

అమ్మ ఇంకుప్యాడు మూత పెట్టింది. "నువ్వు పిల్లకాయలకు సైన్సు చెప్తావు గదా" అంది. "ఇదేనా చెప్పేది?"

ఖాలా కాగితం మడిచి లేచింది. ఆ రోజు నుంచి అక్కచెల్లెళ్లకు మాటల్లేవు. గోడకు ఇటు ఒకరు, అటు ఒకరు. రంజాన్ నెల వచ్చింది. ప్రతి ఏడూ గోడ మీంచి గిన్నెలు అటూ ఇటూ మారేవి, ఆ ఏడు మారలేదు. నీళ్ల కుళాయి దగ్గర అమ్మ వస్తే మిగిలినవాళ్లు మాటలు ఆపేవారు. అమ్మ బిందె నిండేదాకా అక్కడే నిలబడేది. పక్కకు తప్పుకోలేదు, తొందరపడలేదు.

పండగ అయిన వారానికి, "నన్ను ఆ ఫారెస్టాఫీసుకు తీసకపో" అంది అమ్మ.

రేంజరు ఒక ఆడమనిషి, నా వయసే ఉంటుంది. వేరే జిల్లా నుంచి కొత్తగా వచ్చింది. బయట బెంచీ మీద ఖాలా, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు, తమ అర్జీ సంగతి కనుక్కోవడానికి వచ్చారు. మమ్మల్ని చూసి ముఖాలు తిప్పుకున్నారు. లోపల తలుపు తెరిచే ఉంది. మేం మాట్లాడేది వాళ్లకు వినిపిస్తుంది. అమ్మకు అది తెలుసు.

రేంజరు మేడం అర్జీ తీసి ముందు పెట్టుకుంది. "ఇంతమంది అలాంటి పిట్ట లేదంటున్నారు. మీరేమో మొదట చూపించింది మీరేనంటున్నారు. ఏది నిజం?"

"పిట్ట ఉండాది మేడం" అంది అమ్మ. "వాళ్లనేం అనబాకండి. కడుపు మాడి అట్టా రాయించినారు. పిట్ట ఉండాది, మేమూ ఉండాం. అది నిన్న ఎగిరొచ్చింది కాదు, మేమూ నిన్న వచ్చినోళ్లం కాదు. ఇన్నేళ్లు ఒకే కొండ మీద ఉండాం. ఇప్పుడు దాన్ని చూపించి మమ్మల్ని పొమ్మంటే ఎట్టా?"

"ఇది నా సొంత ఆర్డరు కాదమ్మా. రిపోర్టు వచ్చింది, పైనుంచి చెప్పారు."

"ఆ రిపోర్టు రాసినాయనకు పిట్టను చూపించింది నేను. ఆయన నా బాడిస చప్పుడు విన్నాడు. పిట్టలు నా నెత్తి మీద కూర్చోవడం చూసినాడు. చూసింది రాయలా, ముందే తెలిసింది రాసినాడు. మీరు ఎక్కినారా మేడం దుర్గం?"

"ఇంకా లేదు."

"ఎక్కండి. చూసినాక మూయాలంటే మూయండి."

అధికారితో అలా మాట్లాడితే ఏమవుతుందోనని భయపడ్డాను. మేడంకు కోపం రాలేదు. పెన్ను తిప్పుతూ ఆలోచించింది. "ఇదంతా రాసివ్వగలరా?"

"నాకు రాయడం రాదు. నా కూతురు రాస్తాది. కింద వేలు నేను పెడతా."

అప్పుడు నావంతు వచ్చింది. పేపర్లో వార్త వచ్చినప్పుడే మా హెడ్మాస్టరు ఇలాంటి గొడవల్లో స్కూలు పేరు రాకూడదని చెప్పి ఉన్నారు. ఫొటో తీసింది ఎవరని రాయాల్సిన చోట ఒక నిమిషం ఆగాను. తర్వాత నా పేరు, నా పని, నా ఊరు పూర్తిగా రాశాను. పిట్టను ఎక్కడ, ఎప్పుడు చూశామో రాశాను. మా వీధి ఆడవాళ్లు ఏ కట్టె కొడతారో, ఏది కొట్టరో అమ్మ చెబుతుంటే రాశాను. కాపు మీదున్న చెట్టును ముట్టుకోరు. ఒక దుబ్బులో నాలుగు కొమ్మలుంటే ఒకటి తీస్తారు, మూడు వదులుతారు. ఒకసారి కొట్టిన చోటికి మూడేళ్లు పోరు. ఇది ఎవరూ వాళ్లకు చెప్పిన నియమం కాదు. అలా చెయ్యకపోతే మర్నాడు తమకే కట్టె ఉండదు కనుక చేస్తారు. అమ్మ కింద వేలిముద్ర వేసి, ఆ ఇంకు బొటనవేలితోనే తలుపు తోసుకుని బయటికి వచ్చింది. ఖాలా బెంచీ మీంచి లేవలేదు. కానీ ఈసారి ముఖం తిప్పుకోలేదు.

కొండ ఎక్కడానికి జూన్ దాకా పట్టింది. ఎండలు తగ్గి రెండు వానలు పడ్డాక ఒక గురువారం ఎక్కుదామని కబురొచ్చింది, స్కూలుకు సెలవు పెట్టాను. రేంజరు మేడం, గార్డు, నెల్లూరు సార్, అమ్మ, నేను. సార్‌కు నేనే ఫోన్ చేశాను. మీ రిపోర్టు వల్లే ఇదంతా, మీరు రావాలి, అన్నాను. సాకులు చెప్పకుండా వచ్చారు. మెట్ల దగ్గర బయలుదేరుతుంటే వెనక చప్పుడైంది. ఖాలా. చేతిలో నీళ్ల సీసా. ఎవరితోనూ మాట్లాడకుండా మా వెంట నడవడం మొదలుపెట్టింది.

పైకి వెళ్లాక అమ్మ ముందు పిట్టను చూపించలేదు. మోడులు చూపించింది. ఒక దేవదారి మోడు, నా తొడంత లావు, చుట్టూ అరడజను కొత్త కొమ్మలు నిటారుగా లేచి ఉన్నాయి.

"ఇది ఎవరు కొట్టింది?" మేడం అడిగింది.

అమ్మ నోరు తెరిచేలోపే ఖాలా అందుకుంది. "మా అమ్మ కొట్టింది మేడం. నేను అప్పుడు మోపు పట్టుకున్నాను. ఈ చుట్టూ లేచినవన్నీ ఆ తర్వాత వచ్చినవే. అదిగో ఆడ ఇంకోటి. ఆ కింద ఇంకోటి." అంటూ ముందుకు నడిచింది. ఆ గంటలో అక్కాచెల్లెళ్లు ఒకరి మాట ఒకరు కోసుకుంటూ, ఒకరి లెక్క ఒకరు సరిదిద్దుకుంటూ ఆ వాలంతా తిప్పారు. మూడు నెలలకు పైగా మాట్లాడుకోలేదన్న సంగతి ఇద్దరికీ గుర్తున్నట్టు లేదు. ఎక్కడో మూడో మోడు దగ్గర పిట్ట కూసింది. మేడం ఆగిపోయింది. కొత్త కొమ్మల్లోంచే ఎగిరి, ఎదురు బండ మీద ఒక్క క్షణం వాలింది, పసుపు గొంతుతో.

"మీరే కదా సార్ కట్టె కొట్టడం వల్ల నష్టమని రాసింది" అంది మేడం.

సార్ బైనాక్యులర్లు దింపారు. "రాశాను. చూసి రాయలేదు" అన్నారు. ఆ మాట గార్డు ముందు, మా ముందు, అంత సూటిగా చెప్పడం ఆయనకు తేలిక కాదని ముఖంలో తెలుస్తోంది. నేను ఆయన్ని పూర్తిగా క్షమించానో లేదో గానీ, ఆ తర్వాత సార్ అని పిలవడానికి నోరు అడ్డం రాలేదు.

అక్కడితో అయిపోలేదు. పిట్ట నోట్లో పురుగుతో ఒకే వైపు పదే పదే పోవడం సార్ గమనించారు. ఆయన గొంతు మారిపోయింది. "అమ్మా, దగ్గర్లో గూడు ఉంది కదా? ఈ పిట్ట గూడు చూసినవాళ్లు చాలా తక్కువ. ఒక్క ఫొటో. దూరం నుంచే."

"చూపించను" అంది అమ్మ.

"మీకు తెలుసు కదా ఎక్కడుందో?"

"తెలుసు. చూపించను. లోపల పిల్లలుండాయి."

మేడం కల్పించుకుంది. "రికార్డు కోసమమ్మా. నేను అడుగుతున్నాను."

"అడగండి మేడం. మీ వెనక ఫొటోలోళ్లు వస్తారు, వాళ్ల వెనక ఇంకోళ్లు వస్తారు. ఒకసారి ఫొటో పెడితే ఏమైందో చూసినాం గదా. పిట్టను చూపించినాను, మోడులు చూపించినాను. గూడు మాత్రం నేను చూపించను. బోర్డు తీసినా సరే, తియ్యకపోయినా సరే."

నేను అమ్మ చెయ్యి నొక్కాను. అంతవరకు తెచ్చుకున్నది పాడవుతుందేమోనని భయం. ఆమె చెయ్యి విడిపించుకుంది. మేడం నోట్‌బుక్ మూసి, "దిగుదాం" అంది. అంతే.

నెల తర్వాత ఉత్తరువు వచ్చింది. బోర్డు తియ్యలేదు. కానీ మా వీధి ఆడవాళ్లకు కార్డులిచ్చారు. వారానికి రెండు రోజులు, ఎండు కట్టె, పడమటి వాలులోనే. తూర్పు వాలు పిట్టకు. ఇది మేం అడిగినంత కాదు. పడమటి వైపు ఎక్కడం కష్టం, అక్కడ దేవదారి తక్కువ. పచ్చి కొమ్మ ఒకటి తీసుకోనివ్వాలని, లేకపోతే దుబ్బులు ముసలివైపోతాయని ఇంకో అర్జీ పెట్టాం. ఆ అర్జీ నేనే రాశాను. ఈసారి మొదటి వేలిముద్ర ఖాలాది. దానికి ఇంకా జవాబు రాలేదు. తీసుకున్న పనిముట్లలో కొన్ని తిరిగిచ్చారు. అమ్మ బాడిస మాత్రం దొరకలేదన్నారు. అమ్మ రెండుసార్లు వెళ్లి అడిగింది, మూడోసారి కూడా వెళ్తానంటోంది. స్కూల్లో హెడ్మాస్టరు పిలిచి నన్ను మందలించారు. నేను విని వచ్చి, ఏడో తరగతికి పక్షుల పాఠంలో మా దుర్గం పిట్టను చేర్చి చెప్పాను. పేపరు వాళ్లకు అమ్మ పేరుతో సవరణ వెయ్యమని రాశాను, వెయ్యలేదు. ప్రతి నెలా రాస్తున్నాను.

మొన్న స్కూలుకు సెలవొస్తే ఇంటికి వచ్చాను, బుధవారం. కార్డు ప్రకారం కట్టెల దినం కాదు. అమ్మ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని చెప్పులేసుకుంది. చేతిలో ఏమీ లేదు. నేనూ వెంట వెళ్లాను. మెట్ల దగ్గర గార్డు లేచి నిలబడ్డాడు.

"ఏందమ్మా, ఇయ్యాళ మీ దినం కాదు గదా?"

"కట్టెకు రాలేదు నాయనా. పిట్టను చూసి వస్తా."

"తూర్పు పక్కకు ఎవరూ పోకూడదని ఉండాది."

"నీ దగ్గర రాసిపెట్టుకో, నేను పోయినానని."

అతను పుస్తకం కోసం వెతుక్కున్నాడు. ఆమె ఆగలేదు. మోకాలు పట్టుకుని మొదటి మెట్టు ఎక్కింది, తర్వాత రెండోది. నేను అతనికి నా పేరు కూడా రాసుకోమని చెప్పి, ఆమె వెనకే ఎక్కాను.